పండ్ల అడుగున ట్యాగు

గ్లోరియాకు కోపం ముక్కుమీదే ఉంటుందని కుప్పంలో వాళ్లమ్మ దెబోరా అంటుంది. ఆ వారమంతా అది అక్కడినుంచి దిగనే లేదు.

డిప్లొమా చదివి, పుంగనూరులో రెండేళ్లు సెల్‌ఫోన్లు బాగుచేసిన గ్లోరియాకు మదనపల్లెలో ఒక టమాటా మండీలో పని దొరికింది. ఒక్కో రైతు తెచ్చిన బాక్సులన్నీ కలిపి ఒక లాటు, లాటుకొక ట్యాగు ఇవ్వాలి. అది అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియో సంకేతాలతో పైకప్పుకు బిగించిన పెట్టెలతో మాట్లాడుతుంది. సంకేతం పోయి వచ్చే సమయాన్ని బట్టి లాటు ఎక్కడుందో జానెడు తేడాతో ఫోనులో కనబడుతుంది. కనబడిన వరుసలోనే వేలం. శనివారానికల్లా ఇదంతా కుదిరితే ఉద్యోగం ఖాయం, కుదరకపోతే పుంగనూరు బస్సెక్కడమే.

ఖాళీ మండీలో అంతా బ్రహ్మాండంగా పనిచేసింది. సరుకు దిగాక ఫోనులోంచి లాట్లు మాయమవడం మొదలైంది. గురువారం ఒక్కరోజే పదిహేడు.

"ఏమ్మా, నీ మిషను టమాటాను సూస్తే కండ్లు మూసుకుంటాండాదే?" అన్నాడు మండీ యజమాని రెడ్డెప్ప. హమాలీలంతా ఘొల్లుమన్నారు.

గ్లోరియా నిచ్చెనెక్కి పెట్టెలు తిప్పింది, తీగలు మార్చింది. ట్యాగులు చేసిన కంపెనీకి ఫోను చేస్తే, వాటితో వచ్చిన పుస్తకం చూసుకోమన్నారు. ఆ పుస్తకం రాసినవాడు టమాటాను చారులో తప్ప చూసి ఉండడని ఆమెకు ఒళ్లు మండింది.

శనివారం నిమ్మనపల్లె నుంచి రత్నమ్మ అనే రైతు ఇరవై బాక్సులు తెచ్చింది. ఫోనులో ఆ లాటు లేదు. వేలం దాన్ని దాటిపోయింది, కొనేవాళ్లు లారీల దగ్గరికి వెళ్లిపోయారు.

"ట్యాగు యాడ పెట్టినావమ్మా?" గ్లోరియా పరిగెత్తుకొచ్చింది.

రత్నమ్మ మోచేతిదాకా చెయ్యి దూర్చి పండ్ల అడుగునుంచి ట్యాగు తీసింది. బయటికి రాగానే ఫోనులో లాటు కనబడింది. టమాటాలో ఉండేదంతా నీరే, ఆ నీరే సంకేతాన్ని మింగేస్తోంది.

"యాల దాసినావు? అందరూ కలిసి నా పానం తీస్తాండారు!"

రత్నమ్మ గేటు పక్కనున్న బోర్డు చూపించింది. "నువ్వే గదమ్మా రాసింది. పైన పెడితే ఎవురన్నా ఎత్తకపోతారని అందరం అడుగునే పెడతాండాం."

'ట్యాగు పోతే మీదే బాధ్యత. భద్రంగా దాచుకోండి.' అక్షరాలు గ్లోరియావే. పైన కట్టమని ఆమె ఎక్కడా రాయలేదు.

"కారణం తెలిసె గదా, ఉద్యోగంలో ఉండుపో," అన్నాడు అరుపులు విని వచ్చిన రెడ్డెప్ప.

"మళ్లా వేలం ఎప్పుడప్పా?" అడిగింది రత్నమ్మ.

"సోమవారం."

"అప్పటికి పండ్లు మెత్తబడిపోతాయి గదా."

గ్లోరియా గేటు దగ్గరికెళ్లి, చున్నీ చెంగుతో ఆ బోర్డును గట్టిగా తుడిచింది. పెయింటుతో రాసింది కదా, పోలేదు.