బదనిక కాని మొక్క

మామిడి కొమ్మను పీల్చి బతికే బదనిక కనిపిస్తే నూజివీడులో ఎవరి చెయ్యైనా కత్తి మీదికే పోతుంది. మా అత్తగారు మాత్రం పెరట్లోని చిన్న రసాల మామిడి చెట్టుకు ఒక ఆర్కిడ్‌ను కొబ్బరిపీచుతో కట్టి పెంచారు. దూరం నుంచి అదీ బదనికలాగే ఉండేది.

రోజూ కొంగును బియ్యం కడిగిన నీళ్లలో తడిపి, ఒక్కో ఆకూ తుడిచేవారు. మూడేళ్లు పూయలేదు. ఎవరూ అడగకపోయినా "పూస్తుందిలే" అనేవారు.

మామగారు మామిడి వ్యాపారి. గట్టు మీద నిలబడి పూత చూసి, తోట కాపు ఎంతో చెప్పేసే మనిషి. ఆవిడ రోజూ తుడిచేదేమిటో మాత్రం ఒక్కనాడూ చూడలేదు.

నిరుడు దానికి మొగ్గల కాడ వచ్చింది. ఆ వారమే చెట్టు శుభ్రం చేయడానికి ముసునూరు నుంచి కూలీ వచ్చాడు. అత్తగారు స్నానానికి వెళ్లారు.

"షావుకారుగారూ, ఇది కూడా తీసెయ్యమంటారా అండి?" అని చెట్టు మీంచి అడిగాడు.

"బదనికేగా, కోసెయ్" అన్నారు మామగారు, ఫోన్ చూసుకుంటూనే.

కాఫీ కప్పుతో నేను ఆయన పక్కనే ఉన్నాను. అదేమిటో నాకు తెలుసు. మామగారి మాటకు ఎదురు చెప్పని కోడలినని చుట్టాల్లో నాకు మంచి పేరు. కప్పు ఆయన చేతికి అందించాను.

అత్తగారు వచ్చి, కింద పడిన మొగ్గల కాడను ఏరి నీళ్ల గ్లాసులో పెట్టారు. నాలుగో రోజుకు ఊదారంగు పూలు విచ్చుకున్నాయి.

"బాగున్నాయే. ఎక్కడ కొన్నావు?" అన్నారు మామగారు, భోజనం చేస్తూ.

ఆవిడ ఒక్కసారి నా వైపు చూశారు.

"బజార్లోనండి" అన్నారు.