కోట గోడ కింద అత్తాకోడళ్ళు

కొలంబో కోటలో అప్పాలంటే నతాలియా పోసినవే. పెద్ద గుమ్మం పక్కన తాటాకు పంచలో కూర్చుని, కల్లు పోసి పులియబెట్టిన బియ్యప్పిండిని ఆమె మూకుడులో తిప్పుతుంటే, కాపలా దిగిన సిపాయిలు అక్కడే చతికిలబడేవారు. ఆమె మొగుడు గాస్పార్ కూడా ఆ సిపాయిల్లో ఒకడు. పోర్చుగీసు దొరల కొలువులో ఈటె పట్టిన సింహళ బంటు. ఇంట్లో మూడో మనిషి అతని తల్లి బ్రిజిదా. ఆవిడ నోటికి జడిసి పాదిరీ కూడా పక్క వీధిలోంచి పోయేవాడు.

"అప్పమా ఇది? చెప్పు అట్టలా ఉంది" అనేది ముసలిది, రెండోది తుంచుకుంటూ.

"చెప్పులు తిన్న నోరే అత్తా, నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది?"

డచ్చివాళ్ళు ఓడల్లో వచ్చి దిగి కోటను చుట్టేసింది వానాకాలంలో. క్రిస్మస్ దాటేసరికి కొట్లలో బియ్యం అడుగంటింది. బరువులు మోసే ఏనుగులను కోసుకుతిన్నారు. ఆ తర్వాత కుక్కలు, పిల్లులు. జ్వరాలతో, కాళ్ళ వాపులతో వీధికింత మంది పోతున్నారు. నతాలియా పొయ్యి మాత్రం ఆరలేదు. తవుడూ అడవి గింజల పిండీ కలిపి ఆమె కాల్చే రొట్టెలే బురుజుల మీది వాళ్ళకు దిక్కు. అందుకే, కత్తి పట్టలేనివాళ్ళందరినీ బయటికి తోలేయమని సేనాని హుకుం వేసినప్పుడు ఆమె జోలికి ఎవరూ రాలేదు. బ్రిజిదా కోసం వచ్చారు.

ఆ రోజు గుమ్మం కాపలా గాస్పార్‌దే.

"ముసలాళ్ళని డచ్చివాళ్ళేం చెయ్యరమ్మా. దారిస్తారు. నువ్వు నేరుగా చిన్నమ్మ వాళ్ళ ఊరెళ్ళిపో."

"నువ్వే తోస్తావా, ఇంకోడితో తోయిస్తావా?" అంది బ్రిజిదా.

ఆవిడ తనంతట తానే గడప దాటింది. జనమంతా వెళ్ళాక గడియ వేసింది అతనే.

డచ్చివాళ్ళు దారివ్వలేదు. లోపల తినే నోళ్ళు ఎక్కువైతే కోట తొందరగా లొంగుతుందని వాళ్ళ ఎత్తు. కొరడాలు పుచ్చుకుని అందరినీ వెనక్కి తరిమారు. పరుగెత్తుకొచ్చిన జనానికి గుమ్మం తెరుచుకోలేదు. రెండువైపులా తుపాకులు, నడుమ బురద నేల. అక్కడే ఉండిపోయారు. గడ్డి పీక్కుతిన్నారు. పసివాళ్ళు ముందు రాలిపోయారు.

నతాలియా గోడెక్కి చూసింది. అత్త గోడకు చేరగిలబడి, ముసుగులోంచి పైకి చూస్తోంది. నతాలియా బుట్టకు తాడు కట్టి రెండు రొట్టెలు దించింది. బుట్ట ఇంకా గాల్లో ఉండగానే జనం మీదపడ్డారు. తొక్కిసలాటలో ఒకడి చెయ్యి విరిగింది, ముసలిదానికి ముక్క దక్కలేదు. బురుజు నాయకుడు వచ్చి తాడు కోసేశాడు.

"పోనీలేవే, ఎలాగూ మాడ్చే ఉంటావు!" అని కింద నుంచి అరిచింది బ్రిజిదా. గొంతు పీలగా వచ్చింది.

నతాలియాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపొచ్చింది. మర్నాడు మిగిలిన పిండి ఒళ్ళో మూటగట్టుకుని గుమ్మం దగ్గరికెళ్ళింది.

"గడియ తియ్యవయ్యా."

"పిచ్చా నీకు? పోతే మళ్ళీ రానివ్వరు. నువ్వు ఏడ్చి మొత్తుకున్నా నేను తియ్యలేను."

"తెలుసు. మీ అమ్మకి తీశావుగా, నాకూ తియ్యి."

తీశాడు.

కోడల్ని చూడగానే బ్రిజిదా మండిపడింది. "బుద్ధిలేనిదానా! లోపలుంటే నువ్వొక్కదానివైనా బతికేదానివి కదే!" తిడుతూనే చెయ్యి పట్టుకుంది, మళ్ళీ వదల్లేదు. నతాలియా వాన నీళ్ళలో పిండి కలిపి, వేలితో తీసి నాకించేది. అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒక పొద్దున ముసలిది "ఉప్పు లేదే" అంది. ఆ తర్వాత మరి మాట్లాడలేదు. ఎండ దిగేవేళకు ప్రాణం పోయింది. నతాలియా కొబ్బరి చిప్పతో గొయ్యి తవ్వి, తవ్వలేనంత అలసట వచ్చినచోట ఆపి, అందులోనే పడుకోబెట్టింది.

ఆ వారమే డచ్చివాళ్ళకు కూలీలు కావలసివచ్చారు. బురదలోకి వచ్చి, నిలబడగలిగిన వాళ్ళను ఏరుకున్నారు. నతాలియా గోడ పట్టుకుని నిలబడింది. మట్టి మోస్తే గంజి పోస్తారు. ఆ మట్టితో ఫిరంగులకు దిబ్బ వేస్తున్నారు, ఫిరంగుల మూతులేమో గాస్పార్ ఉండే బురుజు వైపు. గుండు పేలినప్పుడల్లా ఆ బురుజుకేసి చూసేది. అయినా తట్ట దించలేదు. గంజి పోసేవేళకు అందరికన్నా ముందు చిప్ప పట్టింది.

మే నెలలో కోట లొంగిపోయింది. ఎముకల గూళ్ళు నడిచి వచ్చినట్టు వచ్చారు లోపలివాళ్ళు. వాళ్ళలో గాస్పార్ ఉన్నాడు, ఒక కాలు ఈడుస్తూ. ఆమె పిలిచేదాకా అతను పోల్చుకోలేదు.

"అమ్మేదీ?"

తీసుకెళ్ళింది. ఆ నేలంతా గుండ్లు పడి, కందకాలు తెగి తలకిందులై ఉంది. ఇక్కడా, అక్కడా అని తిరిగి తిరిగి, గొయ్యి ఆనవాలు దొరక్క ఆగిపోయింది. అతను నేలమీద కూలబడ్డాడు.

"ఆ దిబ్బకి మట్టి మోసింది నేనే" అంది నతాలియా. "నీ బురుజు కూలింది దాని మీద పెట్టిన ఫిరంగులతోనే."

అతను చేతులకంటిన మట్టి దులుపుకున్నాడు.

"గంజి పోశారా?"

"పోశారు."

"మంచిది. పద, ఎండెక్కుతోంది."

కొత్త దొరలూ క్రీస్తు మతంవాళ్ళే అయినా, వాళ్ళకు పాదిరీలన్నా జపమాలలన్నా గిట్టదు; పాదిరీలందర్నీ వెళ్ళగొట్టారు. ఆ మొగుడూపెళ్ళాలు ఉత్తరంగా నెగొంబో రేవుకు పోయి బెస్తవాళ్ళ మధ్య తలదాచుకున్నారు. లేకలేక ఒక కూతురు పుట్టింది. గాస్పార్ వలలు బాగుచేస్తూ, ఆ ముట్టడి ఊసెత్తకుండానే పోయాడు. నతాలియా మాత్రం పొయ్యి ముందు కూర్చున్న ప్రతివాళ్ళకూ చెప్పేది. బ్రిజిదాను "ముసలిది" అనే అనేది, "మా అత్తగారు" అని ఒక్కనాడూ అనలేదు.

చాలా ఏళ్ళు బతికింది. పొగకు చూపు పోయింది. చనిపోతే రేవు పక్క ఇసుకలో పాతిపెట్టారు. ప్రార్థన చెప్పడానికి పాదిరీ లేడు. కూతురు తనకొచ్చినంత చెప్పింది.