బూందీ, బజ్జీ అనే తిక్క కుక్కలు

కనిగిరిలో పుట్టినరోజులకు, దుకాణాల ప్రారంభోత్సవాలకు బెలూన్లు కట్టే ఆదినారాయణ దగ్గర రెండు కుక్క వేషాలు ఉండేవి. టీవీలో పిల్లలు చూసే బొమ్మల కుక్కల్లాంటివే. గంపంత తల, వేలాడే చెవులు, బయటికి చాపిన ఎర్రటి నాలుక. ఒకటి గోధుమరంగుది, ఇంకొకటి తెలుపు మీద నల్లమచ్చలది. వాటిలో దూరి ఎగిరే కుర్రవాళ్ళిద్దరూ బెంగుళూరులో పని దొరికి వెళ్ళిపోవడంతో ఆ వేషాలు అటకెక్కాయి.

కేథరిన్ ఆదినారాయణ దుకాణంలో చేరింది అప్పుడే. ఆమెది హనుమంతునిపాడు దగ్గర చిన్న పల్లె. పెళ్ళయిన నాటినుంచీ మిరపకాయ కోతలకు, కంది కోతలకు వెళ్ళేది. వానలు ముఖం చాటేసి కూలిపనులు కరువైనప్పుడు, ఇంట్లో కూర్చుని ఆకాశం వంక చూడడం తన వల్ల కాదని రోజూ బస్సెక్కి కనిగిరి రావడం మొదలుపెట్టింది. బెలూన్లకు గాలి కొట్టడం, కాగితప్పూలు అంటించడం, వేడుక ముగిశాక చెత్త ఊడ్చడం ఆమె పని. మనిషి చురుకైనదే కానీ, ఒక మాట మనసులో పడితే వదిలే రకం కాదు. ఆమె భర్త రాజ్ కుమార్ తాపీపనికి వెళతాడు. "మా ఇంటామెతో వాదం పెట్టుకునే దానికంటే గోడ పగలగొట్టి మళ్ళా కట్టేది సులువు" అని తోటివాళ్ళతో అంటుంటాడు.

ఒకరోజు పొదిలి నుంచి ఫోను వచ్చింది. ఒక బియ్యం వ్యాపారి మనవడి పుట్టినరోజు. పిల్లవాడు కుక్కబొమ్మలు వచ్చి ఎగరాల్సిందేనని పట్టుబట్టాడట. ఆదినారాయణ తెలిసిన కుర్రవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. ఒక్కడూ దొరకలేదు.

"నేను తొడుక్కుంటా అన్నా" అంది కేథరిన్.

"నువ్వా? ఆడమనిషివి."

"తల తగిలించుకున్నాక ఆడో మగో ఎవరికి తెలుస్తాది? కుక్కే గదా."

"మరి రెండోదాంట్లో ఎవరు?"

"మా వదిన వస్తాది."

వదినను ఆమె ఇంకా అడగనే లేదు. రాజ్ కుమార్ అక్క సంతోషమ్మ వాళ్ళింట్లోనే ఉంటుంది. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. భారీ మనిషి. దూరపు చూపు అంతంత మాత్రం. పైగా చిన్నప్పుడు పిక్క మీద కరిపించుకున్నది కాబట్టి కుక్క ఎదురైతే వీధి మార్చే మనిషి.

"కుక్కంటేనే నాకు గుండె దడ. కుక్కలో దూరమంటావేందే?" అంది సంతోషమ్మ.

"బయట ఉంటే గదా వదినా కరిచేది. లోపల ఉంటే ఎట్ల కరుస్తాది?"

సంతోషమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆ మాటలో తప్పు ఎక్కడుందో ఆమెకు దొరకలేదు.

పొదిలి ఫంక్షన్ హాల్లో రెండు అంతస్తులు. పైన పుట్టినరోజు, కింద ఎవరిదో నిశ్చితార్థం. వేషాల్లోంచి చూడడానికి కుక్క నోట్లో వల గుడ్డ ఉంటుంది. దాంట్లోంచి మనుషుల నడుములే తప్ప ముఖాలు కనబడవు. పాట మొదలవగానే కేథరిన్ ఎగరడం మొదలుపెట్టింది. కాసేపటికి పక్కన వదిన లేదు. మెట్ల దగ్గర గిరగిరా తిరిగిన సంతోషమ్మ ఎటు పోతున్నదో తెలియక కిందికి దిగి, నిశ్చితార్థపు వేదిక ఎక్కేసింది. పురోహితుడు లగ్నపత్రిక చదువుతున్నాడు. ఆయన పక్కన నిలబడి సంతోషమ్మ తోక ఊపుతూ చిందులు వేసింది. పెళ్ళికూతురి మేనమామ తోక పట్టుకుని లాగాడు. తోక ఆయన చేతికి ఊడి వచ్చింది.

వెతుక్కుంటూ దిగివచ్చిన కేథరిన్, ఎదురుగా మెట్లెక్కుతున్న వదినను చూసుకోలేదు. రెండు పెద్ద తలలూ ఢీకొన్నాయి. రెండు కుక్కలూ మెట్ల మీద కూలబడ్డాయి. పైనుంచి వంగి చూస్తున్న పిల్లలు పడీ పడీ నవ్వారు. పెద్దవాళ్ళు మాత్రం ఆదినారాయణను నాలుగు మాటలు గట్టిగానే అన్నారు.

వేరే మనుషులు దొరకలేదు కనుక ఆయన ఇంకొక్కసారి పంపాడు. ఈసారి కనిగిరి బజారులోనే, బట్టల దుకాణం ప్రారంభం. వచ్చే పోయే వాళ్ళకు చేతులు ఊపితే చాలు. అంతా బాగానే సాగుతుండగా బజారులో తిరిగే నిజం కుక్కలు ఈ కొత్త కుక్కల్ని చూశాయి. ముందు దూరంగా నిలబడి మొరిగాయి. తర్వాత చుట్టుముట్టాయి.

"ప్రభువా!" అని కేక వేసి సంతోషమ్మ పరుగెత్తింది. అక్కడ ఆగివున్న ట్రాలీ ఆటోలోకి, ఉల్లిగడ్డల బస్తాల మీదికి ఎక్కింది. అంత లావు మనిషి ఎట్లా ఎక్కిందో ఆమెకే తెలియదు. ముందు కూర్చున్న డ్రైవరు వెనక్కి చూసుకోకుండా ఆటో తీశాడు. ఆటో వెంట నిజం కుక్కలు, వాటి వెంట మచ్చల కుక్క వేషంలో "ఆపయ్యో! మా వదిన! మా వదిన!" అని అరుస్తూ కేథరిన్. బజారు బజారంతా కడుపు పట్టుకుని నవ్వింది. డ్రైవరు పొదిలి రోడ్డు మలుపులో అద్దంలోకి చూసి, వెనక గోధుమరంగు కుక్క దండం పెడుతూ కనబడితే, అదిరిపడి బ్రేకు వేశాడు.

ఎవరో వీడియో తీశారు. సాయంత్రానికి అది ఊరూరి ఫోన్లలో తిరిగింది. ఆదినారాయణ వేషాలు వెనక్కి తీసుకుని, ఇక మీదట కుక్కల జోలికి పోవద్దన్నాడు. రాజ్ కుమార్ ఇంటికి వస్తూనే చెప్పులు గుమ్మంలో విసిరాడు.

"పనికాడ అందరూ నన్ను చూసి భౌ భౌ అంటున్నారు. మా అక్కను ఆటో ఎక్కించి ఊరేగించినావు. చాలు ఇంక."

సంతోషమ్మ మంచం దిగలేదు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక సంఘపెద్ద పేతురు కేథరిన్ ను పక్కకు పిలిచాడు.

"దేవుని బిడ్డలు కుక్క వేషం వేసేదేందమ్మా?"

"చిన్నప్పటి నుంచి క్రిస్మస్ నాటకంలో నాతో గొర్రె వేషం వేయించినారు గదా పెద్దయ్యా. గొర్రె అయితే మంచిది, కుక్క అయితే తప్పా?"

పేతురు వేరే సంగతి ఎత్తాడు.

ఆ వీడియోను కేథరిన్ మాత్రం మళ్ళీ మళ్ళీ చూసింది. మొదట్లో సిగ్గేసింది. తర్వాత తమను చూడడం మాని, చుట్టూ ఉన్నవాళ్ళ ముఖాలు చూడడం మొదలుపెట్టింది. తాము చక్కగా చేతులు ఊపుతున్నప్పుడు ఒక్కరూ ఆగి చూడలేదు. పిల్లలు వేరుశనక్కాయలు తింటూ దిక్కులు చూస్తున్నారు. ఎప్పుడైతే అంతా చెడిపోయిందో అప్పుడే ముసలివాళ్ళతో సహా అందరూ నవ్వారు. పొదిలి మెట్ల మీదా అంతే. ఎగిరే కుక్కలు ఎవరికీ అక్కర్లేదు. బుర్రలేని కుక్కలు కావాలి. చెడగొట్టడమే పనిగా, దాన్నే సరిగ్గా నేర్చుకుని చేస్తే? అంతే, ఆ ఆలోచన మనసులో పడింది. ఇక దాన్ని బయటికి తీయడం రాజ్ కుమార్ తరమా?

ముందు వదిన భయం పోవాలి. బతిమాలి, అలిగి, చివరికి ఒకపూట అన్నం మానేసి, సంతోషమ్మను గొర్రెల కాపరి రంగయ్య దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన మంద చెరువు అవతలి బీడులో మేస్తున్నది. మంద పక్కన కుక్క పడుకుని ఉంది. సంతోషమ్మ చెరువు గట్టు మీదే నిలబడిపోయింది.

"రంగయ్య మామా, మా వదినకు కుక్క భయం పోగొట్టాల."

"కుక్కకు నువ్వంటే కోపం లేదమ్మా, నువ్వు ఉరుకుతావు చూడు, దానికే అది వెంటపడేది" అన్నాడు రంగయ్య సంతోషమ్మతో. "నిలబడు. దాని కండ్లల్లోకి చూడబాకు. చెయ్యి కిందికి వదిలేయ్. వాసన చూసుకుని దాని దారిన అది పోతాది."

మొదటిరోజు ఆమె గట్టు దిగలేదు. మరునాడు సగం దూరం వచ్చింది. కేథరిన్ రోజూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. వారం తిరిగేసరికి ఆ కుక్క సంతోషమ్మ అరచేయి వాసన చూసి, ఒకసారి తుమ్మి, వెళ్ళి పడుకుంది. సంతోషమ్మ ఏడుస్తూ నవ్వింది. "తుమ్మింది మే! నన్ను చూసి తుమ్మింది!" అని ఇంటికి వచ్చేదాకా చెబుతూనే ఉంది.

వేషాలు లేవు గనుక కేథరిన్ సొంతంగా కుట్టింది. పాత రగ్గులు, చినిగిన పరుపులోని స్పాంజి, తలలకు వెదురు గంపలు. గంపల మీద కాగితాలు అంటించి రంగు వేసింది. ఒక కుక్కకు చెవులు ఎగుడుదిగుడుగా వచ్చాయి, ఇంకొకదానికి కళ్ళు ముక్కు దగ్గర చేరిపోయాయి. విప్పి మళ్ళీ కుడదామనుకుంది. అంతలో సంతోషమ్మ "ఉండనీ, దీని ముఖం చూస్తేనే తెలుస్తన్నది బుర్ర లేదని" అంది. వాటికి బూందీ, బజ్జీ అని పేర్లు పెట్టారు. సంతోషమ్మ బూందీ, కేథరిన్ బజ్జీ. దుకాణంలో పని లేని మధ్యాహ్నాలు పెరట్లో సాధన చేశారు. ఢీకొనడం, దెబ్బ తగలకుండా పడడం, తోకను చూసి పామనుకుని పరుగెత్తడం. రాజ్ కుమార్ మూతి ముడుచుకునే ఉన్నాడు కానీ, ఒకరోజు అన్నం తింటూ "గంపకు లోపల మెత్త పెట్టు, అక్క నుదురు కమిలిపోయింది" అన్నాడు.

మొదటి ఆట హనుమంతునిపాడులో, అంగన్‌వాడీ టీచరు ప్రసన్న కూతురి పుట్టినరోజున. ప్రసన్నను ఒప్పించడానికి కేథరిన్ ఆమె ఇంటి చుట్టూ తిరిగింది. "బాగాలేకుంటే మధ్యలోనే పంపించేయ్ అక్కా" అని మాట ఇచ్చింది. సాయంత్రం, ఇంకా వెలుగుండగానే, వాకిట్లో షామియానా కింద పిల్లలు చేరారు. పాట మొదలైంది, ప్రసన్న పేర్లు పెట్టి పిలవగా కుక్కలు రెండూ ఒకదాని వెనక ఒకటి లోపలికి వచ్చాయి. అంతే, కరెంటు పోయింది. పాట ఆగిపోయింది. పిల్లల్లో ఒకతి ఏడుపు అందుకుంది.

వదినా మరదళ్ళు సాధన చేసిందంతా పాట మీదే. వదిన వాకిలి మధ్యలో కొయ్యబారి నిలబడింది. ఇప్పుడు ఆగితే ఇక ఈ ఆట ఎన్నటికీ ఉండదని కేథరిన్ కు తెలుసు. ఆమె మెల్లగా కేకు బల్ల దగ్గరికి వెళ్ళి, దొంగలు రాకుండా కాపలా కాస్తున్నట్టు ఛాతీ విరుచుకుని నిలబడింది. అటూ ఇటూ చూసింది. వెనక్కి తిరిగి, బూందీని చూసి, దొంగ అనుకుని ఉలిక్కిపడింది. సంతోషమ్మకు అర్థమైంది. ఆమె కూడా తన వెనక ఎవరో ఉన్నారనుకుని ఉలిక్కిపడి, లేని దొంగ కోసం బల్ల చుట్టూ పరుగు పెట్టింది. దాని వెంట ఇది, దీని వెంట అది. రెండూ ఢీకొని పడ్డాయి. లేచి ఒకదానికొకటి దండం పెట్టుకున్నాయి. మళ్ళీ గుర్తుపట్టలేక మళ్ళీ ఉరికాయి.

ఏడుస్తున్న పిల్ల ఏడుపు ఆపేసింది. "ఓయ్ తిక్కదానా! దొంగ కాదు, అది మీ బజ్జీ!" అని అరిచింది. బూందీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినబడలేదన్నట్టు తల ఊపింది. పిల్లలందరూ ఒక్క గొంతుతో "బజ్జీ! బజ్జీ!" అన్నారు. బూందీ బల్ల మీది మిరపకాయ బజ్జీల పళ్ళెం ఎత్తి చూపించింది. ఇక నవ్వులు ఆగలేదు.

అప్పుడే వీధికుక్క ఒకటి ఆ గోలకు లోపలికి వచ్చి, నేరుగా సంతోషమ్మ ముందు నిలబడి గుర్రుమంది. సంతోషమ్మ కదలలేదు. చెయ్యి కిందికి వదిలి, గంప తల పక్కకు తిప్పుకుంది. కుక్క వాసన చూసింది, తోకను కాస్త కొరికి చూసింది, ఇది ఏ జాతో తేల్చుకోలేక వెళ్ళిపోయింది. అది కూడా ఆటలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు. కరెంటు వచ్చినా ఎవరూ పాట పెట్టమనలేదు.

ఆ ఆటనూ ఎవరో వీడియో తీశారు, అదీ ఫోన్లలో తిరిగింది. ఆ కుక్కలు ఆదినారాయణవే అనుకుని మార్కాపురం నుంచి, గిద్దలూరు నుంచి ఆయన్ను అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆయన కేథరిన్ ను పిలిచాడు.

"మన వేషాలు ఉండాయి గదమ్మా, కొత్తగా ఉతికించినా. అవి తొడుక్కోండి, నీట్‌గా ఉంటాయి."

"మా గంపలే తొడుక్కుంటామన్నా. బూందీ, బజ్జీ అనే చెప్పాల. పాట ఉండాల్నా వద్దా, ఏం చేయాల అనేది మేము చూసుకుంటాం. ఆడోళ్ళు అని దాచేది లేదు, ఆట అయినాక తలలు తీసి దండం పెడతాం."

"మరీ పట్టుపడతావేందమ్మా."

"పడతానన్నా" అంది కేథరిన్. ఆదినారాయణ గిద్దలూరు ఆట తేదీ రాసుకుంటూ, సరే అన్నాడు.

గిద్దలూరు బస్సులో ఇద్దరూ గంపతలలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. రాజ్ కుమార్ తానే సామాను పైకెక్కించి, బస్సు కదిలేదాకా కింద నిలబడ్డాడు. ఊరు దాటాక సంతోషమ్మ చిన్నగా మోచేత్తో పొడిచింది.

"మే కేథరిన్, ఈసారి ఎక్కువ తిక్క నాకియ్యి. నువ్వే ఎక్కువ నవ్విస్తన్నావు."

"కుదరదు వదినా. తిక్క ఇద్దరికీ సమానంగా ఉండాల."

"నేను పెద్దదాన్ని."

"అయినా సరే, కుదరదు."

ఆ వాదం గిద్దలూరు దాకా సాగింది. వాళ్ళ ముందు సీటులోని ముసలాయన టిక్కెట్టు జేబులో పెట్టుకుని, పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుని విన్నాడు.