బావ ఆటకు పడిన తాళం

ఈ రోజు ఉప్పల్‌లో మదర్‌బోర్డు మార్పించి, బావ కంప్యూటర్‌ను నాచారంలో వాళ్లింటికి తెచ్చాను. ఫ్యాక్టరీ మిషన్‌లో నలిగిన ఆయన కుడిచేతి వేళ్లకు కార్ల ఆటే వ్యాయామం. దొంగ సీడీతో వైరస్ వచ్చిందని, అసలు ఆటనే ఇంటర్నెట్‌లో కొన్నాం. ఇవాళ తెరిస్తే, బోర్డు మారడంతో దీన్ని వేరే కంప్యూటర్ అనుకుని, "ఈ కంప్యూటర్‌లో ఆడేందుకు అనుమతి లేదు" అని వచ్చింది. బావ మొహం పాలిపోయింది.

ఆట అమ్మిన కంపెనీకి మెయిల్ పెడితే సాయంత్రానికి తాళం తీశారు. బావ మాత్రం మౌస్ ముట్టలేదు.

"మా ఫ్యాక్టరీ లెక్క గా కంపెనీ గూడ మూతవడితే, అప్పుడు తాళం ఎవలు తీస్తరు?" అన్నాడు.

"గట్లేం కాదు బావా, ఫికర్ జెయ్యకు" అన్నాను గానీ, ఆ మాట నేనే నమ్మలేదు.

ధైర్యం చెప్పే జవాబు మీకెవరికైనా తెలిస్తే కింద రాయండి. ముందు నేను చదువుకుని, తర్వాత బావకు వినిపిస్తాను.