ప్రకృతి తరఫున రాయబారం, మామిడి పిందెల పచ్చడి

ఆ కాలంలో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఇరవై రెండేళ్ల పిల్లలకి అలసటంటే ఏమిటో తెలియదని పెద్దవాళ్లు గట్టిగా నమ్మేవారు. శుద్ధ అబద్ధం. ఈ వయసులో కూడా రాని నీరసం నాకు అప్పుడు వచ్చేది. తెల్లవారకముందే ఒడిశాలోని మా రాయగడలో బస్సెక్కి, కాశీపూర్‌లో దిగి, అక్కడినుంచి రెండు గంటలు గట్టు (మావైపు కొండని అలాగే అంటారు) ఎక్కి పైనున్న ఊరు చేరేసరికి జనమంతా పొలాలకి వెళ్లిపోయి ఉండేవారు. మిగిలిన కోళ్లకి నా ఉపన్యాసం వినిపించి (అవి శ్రద్ధగానే వినేవి) తిరుగు బస్సు అందుకునేదాన్ని. నా ఉద్యోగం పేరు 'యువ రాయబారి'. ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు నా మెడలో బిళ్ల, నెత్తిన టోపీ, భుజాన గుడ్డసంచి తగిలించి, పాత పంటలు వదులుకోవద్దని, అడవిని గౌరవించమని ఊళ్లకి చెప్పి రమ్మన్నారు.

మా నాన్నది రాయగడ బజారులో బియ్యం టోకు వ్యాపారం. తాతల నాడు విజయనగరం వైపునుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. ఉద్యోగం సంగతి చెప్పగానే నాన్న నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని, "ఏటమ్మీ, మనం బియ్యం అమ్ముకున్నోలం. నువ్వు గట్టుగట్టుకీ ఎల్లి సోళ్లు తినండి, సామలు తినండి అని సెప్తే మన మూటలెవులు కొంతారు?" అన్నాడు. (సోళ్లంటే రాగులు.) రెండు రోజులు అలిగి అన్నం మానేశాక (అమ్మ దొంగతనంగా పెట్టిన అటుకులు అన్నం కిందికి రావు) మూడు నెలలు గడువిచ్చాడు. ఈలోగా ఉద్యోగం ఖాయమైతే సరే, లేకపోతే నోరు మూసుకుని కొట్లో కూర్చోవాలి. కొట్లో కూర్చోవడమంటే నాకు చావుతో సమానం. ఖాయం చేయడం సంస్థలో నా పైఅధికారి, మా ఫైలు సారు చేతిలో ఉంది. (చంకలో ఫైలు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు.) ఆ ఊరి కుర్రకారులో ఇరవైమంది మా సంస్థ యువదళంలో చేరినట్టు ఫారం మీద సంతకాలో వేలిముద్రలో పడాలి. అది చూడ్డానికి ఆయన కోరాపుట్ నుంచి స్వయంగా వస్తారు.

సారు ఉగాది మర్నాడు వస్తున్నానని, ఆ రోజు అందరికీ స్థానిక ఆహారం పెట్టాలని, బజారు సరుకు కనబడకూడదని కబురు పంపారు. వెంటనే నా బుర్రలో ఉగాది పచ్చడి మెరిసింది. వేపపువ్వు, చింతపండు, బెల్లం, మామిడి: ప్రకృతి మొత్తం ఒక్క గిన్నెలో! అమ్మ మామిడి తప్ప మిగతావన్నీ కలిపి పెద్ద స్టీలు క్యారియర్ నిండా ఇచ్చింది. మామిడి ఆ ఊరిదే వేస్తే పచ్చడి స్థానికమైపోతుందని నా తెలివి. ఊరి మొదట్లో చెట్టు పిందెలతో విరగకాసి ఉంది. ఒక్కటంటే ఒక్కటి ఎవరూ కోసిన జాడ లేదు. పాపం, ఇంట్లో ఉన్నదాని విలువ వీళ్లకి తెలియదు అని జాలిపడి, డజను పిందెలు కోసి, బండ మీద కూర్చుని తరిగి కలిపేశాను. ఆనాటి నా జాలి తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆ రోజు నా అదృష్టంకొద్దీ ఊరంతా ఊళ్లోనే ఉంది. సారు ఫైలుతో సహా ఒక రాయి మీద ఆసీనులయ్యారు. నేను ప్రకృతి ఎప్పుడూ తొందరపడదని, మనమూ తొందరపడకూడదని సంతలో నేర్చిన దేసియా భాషలో చెప్పి, దొప్పల్లో పచ్చడి పంచాను. అందరూ మర్యాదగా అందుకున్నారు, ఒకసారి లోపలికి చూశారు, నేలమీద పెట్టేశారు. గట్టు మీద సామలు పండించే ఒక ముసలమ్మ ఉండేది, సామలమ్మ అని నేను పెట్టుకున్న పేరు. ఆమె దొప్ప వాసన చూసి నోరు విప్పింది. మాట్లాడింది దేసియాలోనే, నేను మా ఇంటి మాటల్లో చెబుతున్నాను.

"దీన్లో మావిడి ఏసేవేటి?"

"వేశానమ్మా, మీ చెట్టుదే!" అన్నాను గర్వంగా.

కుర్రాళ్లు నేలచూపులు చూశారు. వాళ్ల చైత్రమాసపు పండగ చైత పరబ్‌కి ఇంకా పది రోజులుందట. ఆ పండగనాడు ఊరి పూజారి మొదటి కాయ భూమికి చూపించేదాకా ఆ ఊళ్లో ఎవరూ మామిడి ముట్టరట. "టెంక ముదరాల. అప్పుడు సెట్టు మనకిచ్చినట్టు. అందాకా అది దానిదే" అంది. (సరిగ్గా ఈ సంగతే రంగురంగుల అక్షరాలతో నా సంచిలోని పోస్టరు మీద ఉంది.) సిగ్గుతో చచ్చి, పారబోసేయనా అని అడిగాను.

"తిండి పారబోత్తారేటి? అదింకా తప్పు. కోసినోలే తినాల."

సారు వైపు దీనంగా చూశాను. ఆయన "నాకివాళ ఉపవాసం" అని ఫైలు తెరిచి చదువుకోసాగారు. సామలమ్మ నా ఎదురుగా చతికిలబడి ఒక్కో దొప్పా అందించింది. పది దొప్పలయ్యేసరికి ఆరు రుచులూ అయిపోయి, శాస్త్రంలో లేని ఏడో రుచి ఒకటి బయటపడింది. ఆఖరి దొప్ప నాకి, కళ్లు తుడుచుకుని, సిగ్గు విడిచి ఫారం తీశాను. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. నువ్వైనా చెప్పమ్మా అని సామలమ్మని బతిమాలాను.

"నువ్వు మాకు సెప్పడానికొచ్చేవా, మమ్మల్ని అడగడానికొచ్చేవా?"

"చెప్పడానికే."

"సెప్పీసేవు కదా. ఇంక ఎల్లు, బస్సు ఎలిపోద్ది" అంది, ఏ కోపమూ లేకుండా. సారు ఖాళీ ఫారం ఫైలులో పెట్టుకుని గట్టు దిగారు.

మూడు రోజులు కడుపునొప్పితో మంచం దిగలేదు. నాలుగో రోజు ఉద్యోగం లేదన్న ఉత్తరం వచ్చింది. నాన్న చదివి, మడిచి, తన పక్కనున్న మూట మీద దుమ్ము దులిపి, "పోన్లే అమ్మీ. రా, కూకో" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మెత్తని మాటకి ఏడుపాగలేదు.

చైత పరబ్ నాడు మళ్లీ వెళ్లాను. బిళ్ల లేదు, టోపీ లేదు, ఎవరూ పంపలేదు. తప్పయిందని చెప్పుకోవాలనిపించింది, అంతే. సామలమ్మ నా చేతిలో మామిడి ముక్క పెట్టి అరుగు మీద కూర్చోబెట్టింది. మూడు నెలల్లో నాతో పది మాటలైనా మాట్లాడని మనిషి తనంతట తానే మొదలుపెట్టింది. ఏ సామ వాన లేకపోయినా బతుకుతుంది, ఏ విత్తనం బూడిదలో కలిపి దాచాలి, ఏది సొరకాయ బుర్రలో పొయ్యికి పైన వేలాడగట్టాలి, ఏ గట్టుని ఎన్నేళ్లు ముట్టకుండా వదిలేయాలి. వినాలని నాకు ఎంత ఆశో! కానీ ఆ తెల్లవారుజాము బస్సు, ఆ గట్టు, మూడు నెలల తిరుగుడు అన్నీ కలిసి ఒక్కసారి మీద పడ్డాయి. గోడకి చేరబడ్డాను. లేచేసరికి పొద్దు వాలింది. నా మీద ఒక పాత గుడ్డ కప్పి, ఆమె డప్పుల దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొట్లో కూర్చున్నాను, చావలేదు. వచ్చే నెల వెళ్దాం, పైనెల వెళ్దాం అనుకుంటుండగానే ఏళ్లు దొర్లిపోయాయి. ఆమె పోయిందని సంతలో ఎవరో చెప్పారు. నేను నిద్రలో పోగొట్టుకున్న ఆమె మాటల మిగతా సగంలో ఏముందో నాకు ఈ రోజుకీ తెలియదు. అరుగు మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఆ ఇరవై రెండేళ్ల పిల్లని భుజం పట్టి కుదిపి లేపాలనిపిస్తుంది ఒక్కోసారి. అంతలోనే, పాపం, ఎంత దూరం నడిచి వచ్చిందో, పడుకోనీ అనిపిస్తుంది.