గొడుగులు పెట్టుకున్న పెట్టె

మా షెడ్డు కొండపల్లి దాటాక మైలవరం పోయే దారిలో ఉండేది. బస్సు దిగి మామిడితోటల పక్కన కాస్త నడవాలి. బయటినుంచి చూసినవాళ్ళు ఎరువుల గోడౌన్ అనుకునేవారు. లోపల రెండు భోజనాల బల్లలంత పొడవున ఒక ఎలక్ట్రాన్ యాక్సిలరేటర్ ఉండేది. ఇలాంటివి మామూలుగా ఫర్లాంగుల పొడవుంటాయి. చిన్నదిగా ఉండటమే మాదాని గొప్ప. ఒక పూత రేకు మీద లేజర్ వెలుగు పడగానే ఎలక్ట్రాన్లు ఊడివస్తాయి. వాటిని ముందుకు తోసి, దగ్గరికి నొక్కి, ఒక పొట్టి గుంపుగా పంపాలి. ఎంత పొట్టి అంటే, అది ఒకచోటు దాటిపోవడానికి పట్టే వ్యవధి చెప్పాలంటే చుక్క తర్వాత సున్నాలు పెట్టుకుంటూ పోవాలి. ఇంట్లో చెప్పబోతే, ఆ సున్నాలు పూర్తయ్యేలోపే మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

యంత్రం మా సారుది. ఆయన ఉద్యోగమంతా ఇతర ఊళ్ళలో పెద్ద యంత్రాల దగ్గర ఊడిగం చేసి, చివరికి తన సొంత ఆలోచనతో దీన్ని కట్టారు. గుంపు నిజంగా పొట్టిగా వస్తోందో లేదో తేల్చడం నా పని. ఆ ఏడాదితో ఆయన సర్వీసు అయిపోతుంది. డబ్బిచ్చేవాళ్ళ తరఫున సమీక్షకు వచ్చేవాళ్ళకి పొట్టి గుంపు చూపిస్తే షెడ్డు ఉంటుంది, లేకపోతే తాళం పడుతుంది. సారుకి మాత్రం షెడ్డు సంగతి అంత పట్టదు. ఈ చిన్న యంత్రంలో అది పుట్టిందని రుజువైతే ఆయనకి చాలు.

గుంపును నేరుగా చూడలేం. దాని దారికి అడ్డంగా పల్చటి లోహపు రేకు పెడితే, గుంపు తగలగానే కంటికి కనబడని ఒక కాంతి పుడుతుంది. గుంపు ఎంత పొట్టిదైతే ఆ కాంతిలో అంత చురుకైన తరంగాలుంటాయి. దాన్ని అద్దాల మీదుగా డిటెక్టర్ దాకా తెచ్చి లెక్క కట్టాలి. ఒక్కటే చిక్కు. గాలిలో చెమ్మ ఉంటే అది ఆ చురుకైన తరంగాలను తాగేస్తుంది. అందుకని అద్దాలన్నిటినీ కప్పి లోపల పొడి నైట్రోజన్ నింపడానికి ఒక పారదర్శకమైన అక్రిలిక్ పెట్టె చేయించమని ఆర్డరిచ్చాం.

పెట్టె రాకముందే మే నెల వచ్చింది. పడమటి గాలికి పెదవులు పగిలేవి, చెయ్యి బయటపెడితే కాలేది. ఊరికే చూద్దామని డిటెక్టర్ ఆన్ చేశాం. గుంపు కనబడింది. లెక్క మళ్ళీ మళ్ళీ కట్టాను. మేం ఆశపడ్డదానికన్నా పొట్టిగా ఉంది. సారు బయటికి పోయి ఎండలో నిలబడి మొహం తుడుచుకున్నారు. అది చెమటే అనుకున్నట్టు మేమంతా వేరేవైపు చూశాం.

జూన్‌లో పెట్టె వచ్చింది. అది లేకుండానే అంత బాగా కనబడ్డాక, దాన్ని బిగించడానికి కుదురుగా ఉన్న అద్దాలు కదిలించడం ఎవరికి ఇష్టం? గుమ్మం పక్కన పెట్టాం. వానలు మొదలవగానే ఒకరి తర్వాత ఒకరు తడి గొడుగులు అందులో పడెయ్యసాగారు.

శ్రావణంలో ముసురు పట్టింది. షెడ్డు తలుపు ఉబ్బి, భుజంతో తోస్తేగానీ తెరుచుకునేది కాదు. టిఫిన్ హోటల్లో ఉప్పు డబ్బా నీరుకారేది. ఉతికిన బట్టలు ఆరక ముక్కిన వాసన వేసేవి. పొద్దున్నే కలవగానే మా మాటలన్నీ ఈ చెమ్మ గురించే. దాన్ని తిట్టుకుంటూ తలుపు తోసి, గొడుగు పెట్టెలో పెట్టి, వచ్చి కూర్చుని, గుంపు ఎందుకు పొడుగైందా అని తలలు పట్టుకునేవాళ్ళం.

అవును, లెక్కలో గుంపు పొడుగైంది. రోజురోజుకీ ఇంకా పొడుగవుతోంది. ఎందుకో ఈ పాటికి మీకు తెలిసిపోయుంటుంది. మాకు తెలియలేదు. కృష్ణ పక్కన పుట్టి పెరిగినవాళ్ళకి చెమ్మ విసుగు పుట్టిస్తుందే తప్ప ఒక కారణంగా తోచదు. ఏసీ ఆడుతోంది, గది చల్లగా ఉంది, అంతవరకే చూసుకున్నాం.

సారు అనుమానం గుంపును నొక్కే భాగం మీదికి పోయింది. ఎండలకి అక్కడ ఏదో అతుకు జరిగిందన్నారు. చూడాలంటే యంత్రం విప్పాలి. విప్పితే లోపలి శూన్యం పోయి పూత రేకుకి గాలి తగులుతుంది. గాలి తగిలితే ఆ పూత చచ్చినట్టే. పెద్ద యంత్రాల్లో రేకును దాచడానికి పక్కన చిన్న గది ఉంటుంది. చిన్నదని మురిసిపోయిన మా యంత్రంలో అంత చోటెక్కడిది? ఇంకో రేకు తెప్పించుకునే వ్యవధీ లేదు. లేజర్ చూసే సహోద్యోగి తల దించుకున్నాడు. నేను మాత్రం రెండు రోజులు ఆగుదామన్నాను. ఎందుకమ్మా అని సారు అడిగితే స్పానర్లు తెచ్చి ఆయన చేతికిచ్చాను.

విప్పేటప్పుడు పడ్డ జాగ్రత్త తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. యంత్రంలోకి చెమ్మగాలి పోకూడదని సిలిండర్ తెచ్చి పొడి నైట్రోజన్ నింపాం. ఆ సిలిండర్‌ను నిలబెట్టింది సరిగ్గా గొడుగుల పెట్టె పక్కన. ఒక బోల్టు మొరాయించి, మూత అనుకున్నదానికన్నా చాలాసేపు తెరుచుకుని ఉండిపోయింది. సారు అతుకులన్నీ వేలితో తడిమి చూశారు. ఒక్కటీ జరగలేదు. మళ్ళీ మూసి, గాలి తోడేసి, లేజర్ వేస్తే ఎలక్ట్రాన్లు పేరుకి రాలాయి. సమీక్షకు వచ్చినవాళ్ళు మర్యాదగా టీ తాగి వెళ్ళిపోయారు.

సారు రిటైరయ్యారు. షెడ్డు ఖాళీ చెయ్యమన్నారు. డిటెక్టర్ కావాలని వేరే ఊరి ల్యాబ్ అడిగితే, పంపే ముందు అది పనిచేస్తోందో లేదో చూద్దామని, యంత్రానికి బదులు అలాంటి తరంగాలే ఇచ్చే ఒక వేడి దీపాన్ని అద్దాల ముందు పెట్టాం. ఆ రోజు కూడా వానే. చురుకైన తరంగాలు దాదాపు రాలేదు. వాటిని ఏదో దారిలోనే మింగేస్తోంది. నేనూ లేజర్ సహోద్యోగీ లేచి, గొడుగులు తీసి నేలమీద పెట్టి, పెట్టె తుడిచి, అద్దాల మీద బోర్లించి, సిలిండర్లో మిగిలిన నైట్రోజన్ వదిలాం. కాసేపటికి తరంగాలన్నీ తిరిగొచ్చాయి. అంటే గుంపు ఎప్పుడూ పొడుగవలేదు. అతను వానలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

అప్పటికి సారు విజయవాడలో, ఏలూరు కాలువ పక్కన ఇంట్లో, డయాలసిస్ మీద ఉన్నారు. ఆదివారం చర్చికి వెళ్ళే ఓపిక లేక పాస్టరుగారే ఇంటికి వచ్చి ప్రార్థన చేసి పోతున్నారు. మేలో చూసింది అసలు గుంపు కాదేమో, నేనే భ్రమపడ్డానేమో అని సారు వచ్చినవాళ్ళందరి దగ్గరా అంటున్నారని విన్నాను. బస్సులో గొల్లపూడి దాకా నాతో నేనే తగువు పడ్డాను. చెబితే ఆయన యంత్రం నిజమని తేలుతుంది. దాన్ని ఎవరు చంపారో కూడా తేలుతుంది. రెండోది తెలియకుండా మొదటిది చెప్పే దారి నాకు దొరకలేదు.

సారు మంచం మీద దిండుకి ఆనుకుని రేడియో వింటున్నారు. ఆ పెద్దాయనకి ఆ గదిలో తోడు అదొక్కటే. నన్ను చూసి దాని గొంతు తగ్గించారు. వాన, దీపం, పెట్టె, అంతా చెప్పాను.

"అయితే మేలో చూసింది నిజమే," అన్నారు.

"నిజమేనండీ."

"విప్పిన రోజున?"

"ఆ రోజు కూడా బానే ఉండుంటదండీ."

ఆయన కిటికీలోంచి కాలువ వైపు చూస్తూ ఉండిపోయారు. సంతోషిస్తారేమోనని నేను లోలోపల ఆశపడ్డాను. ఆ ఆశ గుర్తొస్తే నామీద నాకే అసహ్యం.

"నువ్వు రెండ్రోజులు ఆగమన్నావు. నీకు తట్టిందా?"

"లేదండీ, ఏం తట్టలేదు. ఊరికే భయమేసింది."

"నాక్కూడా వేసుంటే బాగుండేదమ్మా," అన్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో వాళ్ళ ఆరోగ్యాలు అడిగారు. నేను లేచి వచ్చేటప్పటికి కూడా రేడియో గొంతు పెంచలేదు.

కొన్నాళ్ళకి వాళ్ళావిడ ఫోన్ చేశారు. నేను వచ్చి వెళ్ళినప్పటినుంచీ ఆయన రేడియో పెట్టనివ్వడం లేదట, పాస్టరుగారు వస్తే నిద్ర నటిస్తున్నారట. ఆ రోజు ఏం మాట్లాడుకున్నారని అడిగారు. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే తెలియక అడుగుతున్నారు.

"మెషీన్ బాగానే ఉండేదని చెప్పానండీ," అన్నాను.

"అది మంచి మాటేగా అమ్మా," అన్నారావిడ.