వీధిపోటు ఇంటి పెద్దమ్మ

మా వీధి చివరింటి పెద్దమ్మ పోయింది. తెల్లవారగానే కాఫీ తాగి, కాసేపు నడుము వాలుస్తానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. ఆ మాట విని నేను పొయ్యి మీద పాలు మర్చిపోయాను. రక్తసంబంధం ఏమీ లేదు. అయినా ఇంట్లో మనిషి పోయినట్టే ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

అనంతపురం శివార్లలోని ఈ కాలనీకి మేం వచ్చినప్పుడు చుట్టూ వేరుశనగ చేలే. ఎటైనా గట్లమీద నడిచి పోయేవాళ్ళం. తర్వాత చేనుకొక లేఅవుట్ లేచింది. ఒకరి రోడ్డు ఎదురొస్తే ఆ ప్లాటుకు వీధిపోటు, దాన్ని ఎవరూ కొనరు. అందుకని పక్క లేఅవుటాయన తన రోడ్డు పక్కకు జరుపుకున్నాడు, వాడి పక్కవాడూ అంతే. ఎవరింటికీ పోటు లేదు, ఎవరికీ దారీ లేదు. కళ్ళెదుట కనబడే బస్టాపుకు ఊరంతా చుట్టి పోవడం. ఏం తెలివి, చెప్పండి!

మా వీధి మాత్రం తిన్నగా వచ్చి పెద్దమ్మ స్థలానికే తగిలేది. దాని వెనకే బస్సులు తిరిగే రోడ్డు. గోడ కట్టుకో, వినాయకుణ్ణి పెట్టుకో అని చెప్పనివారు లేరు. ఆమె ఇల్లు ఒక పక్కకు జరిపి కట్టుకుని, మిగతాది నడిచేవాళ్ళకు వదిలేసింది.

“అడ్డం నిలబడితే కదప్పా పోటు? దావ ఇడిస్తే దానిపాటికి అది పోతాది” అనేది. నల్లమాడ వైపు పుట్టిన మనిషి. అక్కడ చేను ఎంత చిన్నదైనా బండిదారి దున్నరట.

ఊరికే ఇచ్చిందనుకునేరు! అరుగు మీద కూర్చుని అందర్నీ ఆపేది. “ఏమ్మే, యాడికి పోతాండావు? మీ అత్తకు జరం తగ్గిందా?” జవాబు చెప్పకుండా పోతే సాయంత్రం దాకా తిట్లే. బస్సు తప్పిపోతుందని ఎన్నిసార్లు విసుక్కున్నానో. కానీ మా వీధిలో ఒకరి కష్టం ఇంకొకరికి తెలిసిందంటే అది ఆ అరుగు వల్లే.

దినాలయ్యాక ఆమె కొడుకు ఆ జాగాలో బాడుగ గదులు కట్టిస్తానన్నాడు. గోరంట్లలో అంగడి పెట్టుకున్నాడు, మంచివాడే. స్థలం అతనిది, మేం ఏమనగలం? అది మూసుకుంటే మా పిల్లలు ఊరంతా చుట్టి, లారీలు తిరిగే రోడ్డు పట్టుకుని బడికి పోవాలి.

నిన్న మేస్త్రీ వచ్చి గడ్డపార వేశాడు. ఠంగుమంది. ఇన్నేళ్ళ నడకకు ఆ మట్టి బండబారిపోయింది.

“రెండు బిందెలు నీళ్ళు పోయండమ్మా, నానితే దిగుతాది” అన్నాడు.

మా వీధి ఆడవాళ్ళం అందరం అక్కడే ఉన్నాం. కొళాయి వచ్చిన రోజు, ఇళ్ళలో బిందెలు నిండుగానే ఉన్నాయి. ఒక్కరమూ కదల్లేదు.

కొడుకు మావైపు చూశాడు. తలవంచుకుని ఆ నేలను చూశాడు. “ఇడిసిపెట్టన్నా, వద్దులే” అన్నాడు మేస్త్రీతో.

గడ్డపార ఇంకా పెద్దమ్మ గోడకే ఆనించి ఉంది. ఈ పొద్దున పిల్లలు బడిసంచులతో దాని పక్కనుంచే పరిగెత్తారు.